పన్నెండు కంటే పదహారు చిన్నది

జూలై పద్నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. స్థలం: మామిడికుదురులో దావీదు గారి ఇంటి వరండా. హాజరైనవారు: దావీదు గారి భార్య సుగుణమ్మ గారు, వారి అమ్మాయి గ్రేసు (అమలాపురంలో లెక్చరరు), సంఘ కాపరి గారు, రిటైరైన కానిస్టేబులు సత్తిబాబు, నేను. సందర్భం: దావీదు గారి జ్ఞాపకార్థ కూడిక. ఆయన పోయి నలభై రోజులు.

పోలీసు స్టేషన్లో రైటరుగా పనిచేసినవాడు ఏది రాసినా ఇలాగే మొదలవుతుంది. రైటరంటే కథలు అల్లేవాడు కాదు. స్టేషన్లో జరిగినదంతా గంటగంటకూ రిజిస్టర్లలో ఎక్కించే హెడ్ కానిస్టేబులు. ఉద్యోగం అయిపోయి చాలా ఏళ్ళయినా నా సొంత డైరీలో తేదీ, సమయం, ఎవరెవరున్నారు అన్నది ముందు రాస్తే తప్ప తర్వాతి వాక్యం కలం నుంచి దిగదు.

ప్రార్థన అయ్యాక కాఫీలు ఇస్తున్నప్పుడు గ్రేసు లోపలి నుంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చింది. "బాబాయ్ గారూ, నాన్నగారి మంచం కింద దొరికిందండి. అమ్మేమో పారెయ్యొద్దంటుంది. ఏంటో మీరు చూసి చెప్పండి" అంది. మూత బిగుసుకుపోయి ఉంది. గోటితో ఎత్తగానే వాసన వచ్చింది. తుపాకులకు పట్టించే రంగూన్ నూనె, చిలుం పట్టిన ఇత్తడి, ఎన్నాళ్ళో గాలి తగలని గుడ్డ. అటు తిరిగి కూర్చున్న సత్తిబాబు కాఫీ గ్లాసు కిందపెట్టి, "దావీదు గారు వచ్చేరేంటండీ?" అన్నాడు. అన్నాక తనే కంగారుపడ్డాడు. సుగుణమ్మ గారు గుమ్మం వైపు చూశారు.

డబ్బాలో నాలుగు తాళ్ళు చుట్టలు చుట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక కొసన వేలంత ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డముక్క దూర్చడానికి ఉచ్చు. "అన్నీ ఒకలాగే ఉన్నాయి కదండీ" అంది గ్రేసు. "ఒకలాగే ఉంటాయమ్మా. చిక్కంతా అక్కడే ఉంది" అన్నాను. అవి పుల్‌త్రూలు. తుపాకీ గొట్టంలోకి వెనకవైపు నుంచి ఇత్తడి బరువు జారవిడిస్తే తాడు ముందువైపు దిగుతుంది. దాన్ని పట్టి లాగితే ఉచ్చులోని గుడ్డ గొట్టమంతా తుడుచుకుంటూ బయటికి వస్తుంది. ఆ గుడ్డముక్కను మా శాఖలో చింది అంటారు. ఏ గొట్టానికి ఆ తాడు, ఆ చింది. తేడా వస్తే ఏమవుతుందో నేను ఆ అమ్మాయికి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

దావీదు గారిని ఎరగనివాళ్ళ కోసం: ఆయన ఆర్మరరు. అంటే ఒక్కో స్టేషనుకూ తిరిగి తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబులు. సన్నటి మనిషి. పేలుళ్ళ మధ్య బతికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎవరు మాట్లాడినా తల కొంచెం తిప్పి కుడి చెవి ఇచ్చేవారు. అందువల్ల ప్రతివాడికీ తన మాట ఆయనకు చాలా ముఖ్యమైనదనిపించేది. నాకంటే పదేళ్ళు పెద్దవారు. అయినా నన్ను ఎప్పుడూ ఏకవచనంతో పిలవలేదు.

మా స్టేషను రాజోలు వైపు కాలవ గట్టు మీద ఒక పాత పెంకుటిల్లు. ఆయన మొదటిసారి వచ్చిన రోజు నా బల్ల మీద జనరల్ డైరీ తెరిచి ఉంది. అప్పటికి మధ్యాహ్నం మూడు. ఆయన వంగి చదివి, గోడ గడియారం చూసి, మళ్ళీ డైరీ చూశారు.

"రైటర్ గారూ, మీ గడియారం మూడు గంటలు వెనకబడినట్టుందండీ."

సాయంత్రం ఆరు గంటల పద్దు నేను అప్పటికే రాసేశాను: గస్తీ తిరిగి వచ్చినది, అంతా ప్రశాంతం. రోజూ అదే రాయాలి కదా అని భోజనం కాగానే రాసి పెట్టుకునేవాణ్ణి. దస్తూరి బాగుంటుందని పేరున్నవాణ్ణి. తొందరలో గీకడం నాకు నచ్చదు.

"ఎలాగూ అదే జరుగుతుందండీ" అన్నాను.

"ఆయ్. జరిగితే జరుగుద్దండి. పుట్టని బిడ్డకి బారసాల ఎందుకండీ ఇప్పట్నించీ?"

గుమ్మం దగ్గర సెంట్రీగా ఉన్న సత్తిబాబు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి నా సొంత డైరీలో 'ఆర్మరరు: అధిక ప్రసంగి' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చించలేదు.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులున్నవాళ్ళందరూ వాటిని స్టేషన్లో అప్పగించాలి. లెక్కింపు అయ్యాక తిరిగి తీసుకుపోతారు. ఆ రెండు నెలలూ అవి మా దగ్గర ఒక మూలగదిలో, గోడకు కొట్టిన చెక్క అరలో మూతులు పైకి పెట్టి వరసగా నిలబడి ఉండేవి. మా గాలిలో ఉప్పుంది, కాలవ చెమ్మ ఉంది. ఉక్కు అన్నది వారం తుడవకపోతే ఎర్రబడుతుంది. దావీదు గారు నెలకోసారి గానీ రాలేరు. అందుకని ఆ పని నాకు నేర్పుతానన్నారు. కలం పట్టుకునే చేతికి నూనె గుడ్డలేమిటని లోపల అనుకుంటూనే ఒప్పుకున్నాను.

గదికి పడమటి వైపు ఎత్తులో ఒక చువ్వల కిటికీ ఉండేది. సముద్రపు గాలి మళ్ళిన మధ్యాహ్నాల్లో ఆ తుపాకులు మూలిగేవి. నేను అతిశయోక్తి రాయను. నిజంగానే మూలిగేవి. మూసిన గదిలో నుంచి సన్నగా, లోతుగా, నిద్రలో మనిషి అసౌకర్యంగా కదిలినప్పుడు చేసే శబ్దంలాంటిది వచ్చేది. గాలి ఆగితే ఆగేది. ఒక్కోసారి గాలి ఆగాక కూడా కాసేపు ఉన్నట్టనిపించేది. కానిస్టేబుళ్ళు ఆ గది పక్కన అన్నం తినేవారు కాదు. సత్తిబాబు మాత్రం గుమ్మంలో నిలబడి నిలబడి ఆ గొంతులన్నీ పోల్చుకున్నాడు. ఫలానా మూలుగు కొత్తపేట మునసబు గారి తుపాకీది, ఫలానాది రొయ్యల చెరువు వారిది అని చెప్పేవాడు. మేం నవ్వేవాళ్ళం.

దావీదు గారు నవ్వలేదు. అరలో ఒక తుపాకీ మూతి మీద అరచెయ్యి పెట్టారు. ఒక గొంతు తగ్గింది. చెయ్యి తీశారు. మళ్ళీ వచ్చింది. "సీసా మూతి మీద ఊదితే పలుకుద్ది చూడండి, అదేనండి ఇది. కింద మూసుంది, పైన గాలి. అంతే" అన్నారు. మా భయం పోయిందనుకున్నాను. అంతలో ఆయనే గొంతు తగ్గించి, "అయితే లోపల ఖాళీ ఉంటేనే పలుకుద్దండి. అది గుర్తెట్టుకోండి" అన్నారు.

ఆ రోజే నాకు సైజులు నేర్పారు. బల్ల మీద రెండు తాళ్ళు పెట్టారు. ఒకదానికి '12' అని, ఇంకోదానికి '16' అని అట్టముక్కలు కట్టి ఉన్నాయి.

"ఏది లావుగా ఉండాలండీ?"

"పదహారు."

"అందరూ అలాగే అంటారండి. మీ ఇంట్లో సున్నుండలు చేస్తారు కదా? ఒకే కొలత పిండి. పన్నెండు ఉండలు చుడితే ఒక్కోటి పెద్దది. పదహారు చుడితే చిన్నది. పూర్వం సీసం గుండ్లు ఇలాగే పోసేవారండి. ఒక పౌను సీసానికి ఎన్ని గుండ్లొస్తే ఆ గొట్టానికి ఆ అంకె. అంకె పెరిగిందంటే గొట్టం సన్నబడిందన్నమాట."

"అయితే పన్నెండు కంటే పదహారు చిన్నది" అన్నాను.

"ఆయ్. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదండి. కంటికి తెలీదు. గొట్టానికి తెలుస్తుంది." చిందిని ఉచ్చులో దూర్చి నా చేతికిచ్చి లాగమన్నారు. "గాజుల మలారం మోసుకొచ్చేవాళ్ళు గాజు ఎలా తొడుగుతారండీ? జారిపోకూడదు, గుచ్చుకోకూడదు. వదులైతే మురికి లోపలే ఉండిపోద్ది, మనం తుడిచామనుకుంటాం. బిగువైతే ఇరుక్కుపోద్ది. ముందు గొట్టమేదో తెలుసుకోండి. తాడు సంగతి తర్వాత."

చివరగా తుపాకీని కీలు దగ్గర మధ్యకు విరిచి, గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి, నా కన్ను ఆనించమన్నారు. లోపల వెలుగు వలయాలు వలయాలుగా దూరం దాకా పోయింది. అవతలి కొసన గోరంత ఆకాశం, అందులో కదులుతున్న ఒక కొబ్బరి మట్ట. "చూశాక రాయండి. లాగేశాం కదా అని రాయకండి" అన్నారు. ఇచ్చిన ప్రతి చిందీ మురికై తిరిగి డబ్బాలో పడాలి, లెక్క సరిపోవాలి అన్నది ఆయన ఇంకో నియమం. ఇవన్నీ నేను వరస నంబర్లు వేసి రాసుకున్నాను. సున్నుండల సంగతితో సహా.

రాసుకున్నాను గనక నాకు వచ్చేసిందనుకున్నాను. నా బతుకులో చేసిన పెద్ద తప్పుకు మూలం అదే.

జూన్ మొదట్లో వానలు పట్టాయి. తాళ్ళకు కట్టిన అట్టముక్కలు చెమ్మకు నాని ఊడిపోయాయి. ఒకరోజు తీరిగ్గా కూర్చుని కొత్త అట్టలు కత్తిరించి, గుండ్రటి అంకెలతో 12, 16 అని రాసి కట్టాను. లావుపాటి ఉచ్చున్న తాడుకు 16 కట్టాను, సన్నదానికి 12. రాసేటప్పుడు అక్షరం వంకర పోకుండా చూసుకున్నానే తప్ప ఇంకేమీ చూడలేదు. తెలిసిన సంగతే. బుర్రకు తెలిసింది చేతికి తెలియలేదు. కట్టాక ఆ అట్టలు ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, మర్నాటి నుంచి నేను కూడా వాటినే నమ్మాను.

లెక్కింపు అయిపోయింది. తెల్లవారితే తుపాకులు తిరిగి ఇచ్చేయాలి. ఆ మధ్యాహ్నం ఆఖరిసారి తుడవడానికి కూర్చున్నాను. బయట వాన, లోపల కరెంటు లేదు, కిటికీలో వెలుగు బూడిద రంగులో ఉంది. మా దగ్గరున్న తుపాకుల్లో పదహారు నంబరుది ఒక్కటే, కాలవ అవతల ఉండే నరసింహ రాజు గారి జంట గొట్టాల తుపాకీ. మిగిలినవన్నీ పన్నెండు. నా అట్ట చూసి '16' తాడు తీశాను. కుడి గొట్టంలో చింది గట్టిగా వచ్చింది, కానీ వచ్చింది. ఎడమ గొట్టం మూతి దగ్గర ఇంకాస్త సన్నంగా ఉంటుంది, గుళ్ళు దూరం పోవడానికి. అక్కడ తాడు బిగుసుకుంది. గోడకు కాలు తన్ని లాగాను. పుటుక్కుమని ఊడి వెనక్కి పడ్డాను.

చేతిలో తాడుంది. ఉచ్చు తెగింది. నేల మీద ఒక చింది పడి ఉంది. అదే వచ్చిందనుకున్నాను. అది కుడి గొట్టంలోది. గొట్టం కిటికీ వైపు పెట్టి చూద్దామని ఎత్తాను కూడా. వెలుగేదీ, ఏం కనబడుతుందిలే అనిపించింది. దించేశాను. రిజిస్టరు తీసి రాశాను: లోపల బయట శుభ్రపరచి, పరిశీలించి ఉంచడమైనది.

పరిశీలించి. ఆ మాట నా చేతి రాతలోనే ఉంది.

సాయంత్రం వాన తెరిపిచ్చి గాలి మళ్ళింది. గదిలో మూలుగు మొదలైంది. సత్తిబాబు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు.

"రైటర్ గారూ, ఇయ్యాల ఓ గొంతు తక్కువైందండీ."

"నీకు కాఫీ తక్కువైంది."

"లేదండి బాబూ. ఆ చివర రాజు గారిది రెండు గొంతుకల్తో మూలిగేదా? ఇప్పుడొకటే మూలుగుతుందండి. రెండోది మాట్టాట్టం మానేసింది." వాడు నవ్వడం లేదు. "నాకెందుకో బాగోలేదండి."

"వెళ్ళి డ్యూటీ చూసుకో" అన్నాను. మర్నాడు పదింటికి రాజు గారు వచ్చి సంతకం పెట్టి తుపాకీ తీసుకుపోయారు.

దావీదు గారు ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం వచ్చారు. ఖాళీ అర చూసి, "అందరూ ఎల్లిపోయేరా?" అన్నారు, పెళ్ళివారి గురించి అడిగినట్టు. భోజనాల దగ్గర నేనే నవ్వుతూ సత్తిబాబు మాట చెప్పాను, రెండో గొంతు మూగబోయిందట అని. ఆయన తల తిప్పి కుడి చెవి ఇచ్చారు. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. చెయ్యి కడుక్కోకుండానే లేచి మూలగదిలోకి వెళ్ళారు. తాళ్ళు రెండూ బొటనవేలితో తడిమారు. నా అట్టలు చూశారు. మురికి చిందుల డబ్బా నేల మీద బోర్లించి ఒక్కొక్కటే పక్కన పెడుతూ లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఒకటి తక్కువ.

"రైటర్ గారూ, రాజు గారి గొట్టంలో చూశారాండీ?"

"చూశాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రిజిస్టరులో అలా ఉంది గనక కావచ్చు.

ఆయన నా ముఖం కేసి చూస్తూ నిలబడ్డారు. కోపం కాదు. గొట్టంలోకి చూసినట్టు చూశారు, అవతలి కొసన వెలుగు కోసం. నేను తట్టుకోలేకపోయాను.

"చూడలేదండీ" అన్నాను.

"ఆయ్" అన్నారు. "పదండి. అడ్డం ఉన్న గొట్టంలో తూటా పేలిందంటే దారి లేక గొట్టాన్నే చీల్చుకొస్తదండి. చెయ్యి ఉండదు. మొహం కూడా."

వానకు ఫోను లైన్లు పడిపోయి ఉన్నాయి. ఆయన మోపెడ్ వెనక కూర్చున్నాను. కాలవ గట్టంతా బురద. సాయంత్రం కాకముందే చీకటి ముసిరినట్టుంది. కొబ్బరి తోటల్లో ఒక్క పిట్ట అరవడం లేదు. రాజు గారు కోతులను తోలడానికి పొద్దున్నే గాల్లోకి కాలుస్తారని ఊరందరికీ తెలుసు. చంపరు, ఆంజనేయస్వామి వంశమని దణ్ణం పెట్టి మరీ కాలుస్తారు. తుపాకీ వచ్చి అప్పటికి ఒక పొద్దు గడిచింది. ఆ పొద్దున పేలుడు విన్నామా అని దారిలో నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. గుర్తు రాలేదు. వంతెన దాటాక ఆ ఇంటి వైపు నుంచి ఏడుపు వినబడుతుందేమో అని చెవులు రిక్కించాను. ఏమీ వినబడలేదు. అది ఇంకా భయంగా ఉంది.

రాజు గారు వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. రెండు చేతులూ ఉన్నాయి. ఆ మాట అలాగే డైరీలో రాశాను.

"ఏవండోయ్ రైటర్ గారూ, మళ్ళీ ఎలక్షన్లు పెట్టేశారేంటండీ? నిన్ననేగా ఇచ్చేరు!" అన్నారు నవ్వుతూ.

దావీదు గారు నా వైపు చూసి నెమ్మదిగా, "మీరే చెప్పండి" అన్నారు. చెప్పాను. అట్టలు తారుమారు చేసిన సంగతి, తాడు తెగిన సంగతి, చూడకుండా చూశానని రాసిన సంగతి. రాజు గారి చుట్ట ఆరిపోయింది. లోపలికి వెళ్ళి తుపాకీ తెచ్చి దావీదు గారి చేతికిచ్చారు. ఇచ్చేటప్పుడు దాన్ని ఒంటికి దూరంగా, పాముని కర్ర మీద ఎత్తి తెచ్చినట్టు పట్టుకున్నారు.

దావీదు గారు ముందు తూటాలు తీసేశారు. రెండూ ఉన్నాయి. తర్వాత గొట్టాన్ని పెరటి వెలుగు వైపు పెట్టి చూసి, నాకు అందించారు. కుడి గొట్టంలో వలయాలు, చివర తెల్లటి చుక్క. ఎడమ దానికి కన్ను ఆనించాను. నల్లగా ఉంది. చీకటి గదిలోకి చూసినట్టు కాదు. చీకటి గదికి కూడా కొంత లోతుంటుంది. అవతలి నుంచి ఎవరో అదే గొట్టానికి కన్ను ఆనించి నన్ను చూస్తున్నట్టుంది. కన్ను తీసేశాను.

"ఈ వేళ పొద్దున్న కాల్చబోయేనండి" అన్నారు రాజు గారు, ఎవరితో అని కాకుండా. "కోతులొచ్చేయి. భుజానికెత్తేను. వెనకనించి 'బుల్లోడా' అని పిలిచినట్టయ్యింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఈలోగా కోతులెల్లిపోయేయి." ఆగారు. "నన్ను బుల్లోడా అనేది మా అమ్మగారొక్కరేనండి. ఆవిడ పోయి పదేళ్ళు."

ఉయ్యాల గొలుసు కిర్రుమంది. దావీదు గారు తన సంచిలోంచి కర్ర ఊచ తీస్తున్నవారు ఆగారు. బైబిలు వాక్యాలు చదివే మనిషి కదా, ఏమంటారో అని చూశాను.

"దాని సంగతి నాకు తెలీదండి. నాకు తెలిసింది గొట్టం వరకే" అని ఊచ మూతిలోంచి దించి, వెనక్కి పొడవడం మొదలుపెట్టారు. నూనె పోసి, పొడిచి, మళ్ళీ పోసి, పావుగంట పట్టింది. చివరికి చింది వెనకవైపు నుంచి బొద్దుగా, నల్లగా జారి నేల మీద పడింది. రాజు గారు కాళ్ళు పైకి తీసుకున్నారు.

తర్వాత ఆయన తన సొంత సంచిలోని సన్నటి తాడుతో రెండు గొట్టాలూ తుడిచారు. ఈసారి గాజు తొడిగినంత మెత్తగా వచ్చింది. తను చూసి, నాకిచ్చి, రాజు గారికి కూడా చూపించారు. "ముగ్గురం చూశామండి. రేపు పొద్దున్న నిక్షేపంగా కాల్చుకోండి" అన్నారు. రాజు గారు నా మీద ఫిర్యాదు రాస్తారనుకున్నాను. "కాఫీ తాగి ఎల్లండి" అన్నారు.

స్టేషనుకు తిరిగొచ్చి రిజిస్టరు తీశాను. పేజీ చించి కొత్తగా రాయొచ్చు. అలాంటివి చేసినవాళ్ళను ఎరుగుదును. దావీదు గారు పక్కన నిలబడి ఉన్నారు. 'పరిశీలించి' అన్న మాట మీద ఒక్క గీత గీసి, కింద మాట కనబడేలా ఉంచి, పక్కన సంతకం పెట్టి రాశాను: పరిశీలించలేదు. తర్వాత దాని మీద నాకు మెమో వచ్చింది. దాన్నీ డైరీలో అతికించుకున్నాను.

సర్వీసులో మిగిలిన ఏళ్ళన్నీ నా జనరల్ డైరీలో ఆరు గంటల పద్దు ఆరు దాటాకే పడింది. 'తెలిసినది', 'విన్నది', 'చూసినది' అనే మూడు మాటలను నేను ఒకదాని చోట ఒకటి వాడను. ఇంట్లో పిల్లలు ఇది చాదస్తమంటారు. అక్షరం అందంగా ఉన్న కాగితం ఎదురైనప్పుడల్లా, ముఖ్యంగా అది నా అక్షరమే అయినప్పుడు, ఇంకోసారి చూస్తాను. ఇదంతా ఒక మనిషి నాకు కేకలు వేయకుండా, పై అధికారికి చెప్పకుండా, తల కొంచెం తిప్పి విని నేర్పినది. ఆయన నాకు గురువని నేనెప్పుడూ ఆయనతో చెప్పలేదు. చెబితే మళ్ళీ చెప్పమని కుడి చెవి ఇచ్చేవారేమో.

చింది తీసిన మర్నాడు తెల్లవారగానే దావీదు గారూ నేనూ కాలవ ఇవతలి గట్టు మీద, రాజు గారి తోటకు ఎదురుగా నిలబడ్డాం. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. అవతల మట్టల్లో కోతులు కదిలాయి. కుడి గొట్టం పేలింది. దూరంగా కాకులు లేచాయి. నేను రెండోదాని కోసం ఊపిరి బిగబట్టాను. ఎడమది. అది పేలలేదు. ఆవిరి కదులుతోంది. తోటలో ఏ చప్పుడూ లేదు. ఎంతసేపో తెలియదు. గడియారం చూడటం మర్చిపోవడం నా జీవితంలో అదొక్కసారే.

చెట్ల మధ్య నుంచి తెల్ల పంచె ఒకటి బయటికొచ్చింది. తుపాకీ విరిచి భుజాన వేసుకుని, గట్టు దాకా వచ్చి, మమ్మల్ని చూసి రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టి రాజు గారు అరిచారు. "ఆర్మరర్ గారోయ్! ఒక్కదానికే పారిపోయేయండీ ముండా కోతులు! రెండోది అక్కర్లేకపోయింది!"

దావీదు గారికి వినబడలేదు. ఆయన ఎడమ చెవి అటు ఉంది. నేను గట్టిగా చెప్పాను. రెండోది కూడా కాల్పించి వింటే మనసు కుదుటపడుతుంది కదా, అడగనా అన్నాను.

"వినక్కర్లేదండి. చూశాం కదా" అని మోపెడ్ స్టాండు తీశారు.

గట్టు మీదే జేబు డైరీ తీసి రాసుకున్నాను: ఉదయం. కాలవ ఇవతలి గట్టు. హాజరు: దావీదు గారు, నేను. ఒక పేలుడు విన్నాను. రెండోది వినలేదు.